గిటారునకు గొంతిచ్చిన లియో ఫెండర్



పండుగ వేదికలమీదను, పెండ్లి పందిళ్లలోను ఎలక్ట్రిక్ గిటారు మ్రోగుచుండగా మీరందఱును వినియుందురు. వాయించువాని వ్రేళ్లనే చూతురు గాని వాని ప్రక్కన నేలమీద నున్న నల్లని పెట్టెను ఎవ్వరును చూడరు. ఆ పెట్టె లేనిచో గట్టి చెక్కతో చేసిన గిటారు నాలుగు బారల దూరమైనను సరిగా వినిపింపదు. ఆ పెట్టె పేరు ఆంప్లిఫయరు. దానిని, ఆ గట్టి చెక్క గిటారును లోకమంతట వ్యాపింపజేసినవారిలో ముందుగా చెప్పదగినవాడు అమెరికా దేశస్థుడగు లియో ఫెండర్. ఆయనకు గిటారు వాయించుట రాదు. జీవితాంతము నేర్చుకొనను లేదు.

తెలుగు పంతులునకు ఈ యంత్రముల గొడవ యెందుకని తలిదండ్రులు కొందఱు నవ్వవచ్చును. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో మా వసతిగృహమున కెదురుగా ఒక రేడియో మరమ్మతు దుకాణ ముండెడిది. సాయంకాలములు మాకచ్చటనే గడచెడివి. పాత మైకుసెట్టును విప్పి, వెలుగుచున్న వాల్వులను చూపి, లోపలి సన్నని తీగ యెఱ్ఱబారెనా ఆ వాల్వున కాయువు తీరినట్లే యని ఆ మెకానిక్కు చెప్పెడివాడు. ఆ యెఱ్ఱదనమునకు కారణము మాకప్పుడు తెలియలేదు. ఫెండర్ చరిత్రము చదివినప్పుడు తెలిసినది. వ్రాసినదానిని మా సైన్సు మాస్టరుగారికి చూపి, తప్పులు దిద్దించుకొనియే ఇచ్చట ప్రకటించుచున్నాము.

క్లారెన్స్ లియొనిడాస్ ఫెండర్ 1909 ఆగస్టు 10వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమున, అనాహైము, ఫుల్లర్టన్ అను పట్టణముల ప్రాంతమున జన్మించెను. తలిదండ్రులకు నారింజతోట జీవనాధారము. ఎనిమిదవయేట ఎడమకంట కంతి పుట్టుటచే వైద్యులు ఆ కన్ను తీసివేసి గాజుకన్ను అమర్చిరి. తరువాత రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆయనను సైన్యములోనికి తీసికొనకపోవుటకు ఈ లోపమే కారణమయ్యెను.

ఆయన బంధువు జాన్ వెస్ట్ అనునతడు శాంటా మరియా పట్టణమున మోటారు బండ్ల విద్యుత్తు పనులుచేయు దుకాణము నడిపెడివాడు. లియోకు పదమూడేండ్ల వయస్సున క్రిస్మసు కానుకగా అతడొక పెట్టె పంపెను. అందులో నున్నవి ఆటబొమ్మలు కావు. తీసి పాఱవేసిన రేడియో భాగములును, ఒక బాటరీయును. ఆ పిమ్మట లియో ఆ దుకాణమునకే పోయి చూడగా, వెస్ట్ స్వయముగా కట్టిన రేడియో ఒకటి వాకిట పెట్టిన పెద్ద స్పీకరునుండి వీధి దద్దరిల్లునట్లు మ్రోగుచుండెను. ఆ ధ్వని ఆ బాలుని చెవిని జీవితమంతయు విడువలేదు.

అయినను ఆయన విద్యుత్తును పాఠశాలలో చదువలేదు. 1928లో ఫుల్లర్టన్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, కళాశాలలో లెక్కలు వ్రాయుట నేర్చుకొనెను. కొంతకాలము మంచుగడ్డల కంపెనీలోను, కొంతకాలము రాష్ట్ర రహదారుల శాఖలోను గుమాస్తా. 1934లో ఎస్తరు క్లాస్కీని వివాహమాడెను. ఆర్థిక మాంద్యపు దినములలో చేతనున్న ఉద్యోగము పోగా, 1938లో 600 డాలర్లు అప్పుచేసి ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణము తెఱచెను. ఆయన తరువాత చేసిన పనులన్నిటికి మూలము ఈ దుకాణమే యని మా అభిప్రాయము. ఊరి వాద్యగాండ్రు చెడిపోయిన ఆంప్లిఫయరులను ఆయనయొద్దకే తెచ్చెడివారు. ఏ అతుకు ఊడునో, ఏ వాల్వు ముందుగా మాడునో, ఏ మర చేతి కందక మెకానిక్కును ఏడిపించునో ఆయన ప్రతిదినము చూచెను. క్రొత్త వస్తువు చేయువానికి పాత వస్తువు చెడు విధమును మించిన గురువు లేడు.

డాక్ కాఫ్‌మన్ అను వాద్యకారుడు ఆయనతో చేయి కలిపెను. 1945లో ఇరువురును ఒడిలో పెట్టుకొని వాయించు స్టీల్ గిటారులను, వాటికి చిన్న ఆంప్లిఫయరులను చేసి అమ్మిరి. అప్పులకు భయపడి కాఫ్‌మన్ 1946లో వైదొలగెను. లియో భయపడలేదు, తన పేరుననే కంపెనీ స్థాపించెను.

ఇక్కడ కథ నాపి వాల్వు సంగతి చెప్పవలసియున్నది. ఇది తెలియనిదే ఫెండర్ చేసిన సాహసము తెలియదు.

వాల్వు అనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. నడుమ కాథోడు అను గొట్టము కలదు. అది వేడెక్కినప్పుడు దానినుండి ఎలక్ట్రానులు వెలువడును. చుట్టును ప్లేటు అను లోహపు రేకు కలదు. దానికి ధనవిద్యుత్తు ఎక్కువ వోల్టులలో నిచ్చినచో ఎలక్ట్రానులను తనవైపు లాగుకొనును. ఈ రెంటి నడుమ సన్నని తీగలతో నల్లిన జల్లెడవంటి గ్రిడ్ నుంచినవాడు లీ డి ఫారెస్ట్. అది 1906 నాటి మాట. గిటారు తీగల కదలికనుండి పుట్టిన అత్యల్ప విద్యుత్తును ఈ గ్రిడ్‌కు ఇచ్చినచో, ప్లేటును చేరు పెద్ద ప్రవాహము దాని ననుసరించి పెరుగుచు తగ్గుచు నుండును. ఆ పెద్ద ప్రవాహమే ట్రాన్స్‌ఫార్మరు ద్వారా స్పీకరును కదలించును.

ఈ మూడంగముల వాల్వునకు ఒక లోపము కలదు. ప్రవాహము హెచ్చినకొలది ప్లేటు వోల్టేజి తగ్గును. తగ్గిన ప్లేటు ఎలక్ట్రానులను మునుపటివలె లాగలేదు. అనగా వాల్వు తన పనికి తానే అడ్డుపడును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున జర్మనీలో వాల్టర్ షాట్కీయు, 1920 తరువాత అమెరికాలో ఆల్బర్ట్ హల్లును గ్రిడ్‌కు ప్లేటుకు నడుమ మఱియొక జల్లెడ నుంచి దానికి స్థిరమైన ధనవోల్టేజి నిచ్చిరి. ప్లేటునకు తెరవలె నుండుటచే దానికి స్క్రీన్ గ్రిడ్ అని పేరు వచ్చెను.

మన ప్రాంతపు పిల్లలకు చెఱువు తెలియును గనుక చెఱువుతో చెప్పెదము. తూము తలుపు మొదటి గ్రిడ్. చెఱువులోని నీటిమట్టము స్క్రీన్ వోల్టేజి. తూమునకు దిగువనున్న కాలువ ప్లేటు. కాలువను ఎంత లోతుగా త్రవ్వినను తూమునుండి వచ్చు నీరు పెరుగదు. చెఱువులో మట్టము పెరిగినచో పెరుగును. అట్లే కాథోడు ముంగిట నున్న ఎలక్ట్రానులకు ఎదుట కనిపించునది స్క్రీనే. ప్లేటు దాని చాటున నుండును. కనుక వాల్వు ఎంత ప్రవాహము నీయగలదో నిర్ణయించుటలో ప్లేటు వోల్టేజికంటె స్క్రీన్ వోల్టేజికే ప్రాధాన్యము. దానిని పెంచినచో ధ్వనిబలము హెచ్చును. మట్టము పెంచినవాడు తూము తలుపును మఱికొంచెము దించి యుంచవలెను గదా! ఆ విధముగనే మొదటి గ్రిడ్‌కు ఋణవోల్టేజి నెక్కువగా నీయవలెను. స్క్రీన్ వోల్టేజిని తగ్గించినచో బలము తగ్గును, ధ్వని ముందుగనే పగులును, వాల్వు మాత్రము ఎక్కువ కాలము బ్రతుకును.

ఆ మరమ్మతు దుకాణములో మేము చూచిన యెఱ్ఱదనమునకు కారణ మిదియే. స్క్రీన్ కూడ ధనవిద్యుత్తు గలదే గనుక కొన్ని ఎలక్ట్రానులను తాను పట్టుకొనును. గిటారును గట్టిగా మీటినప్పుడు ప్లేటు వోల్టేజి క్షణకాలము స్క్రీన్ వోల్టేజికంటె క్రిందికి దిగును. అప్పుడు ప్లేటునకు పోవలసిన ఎలక్ట్రానులు పెక్కు స్క్రీన్‌మీద పడును. అది సన్నని తీగ. వేడికి తాళలేక ఎఱ్ఱబారును, వంగును, చివరకు వాల్వు చచ్చును. అందుచేతనే వాల్వులు చేయు కంపెనీలు ప్లేటునకు ఒక హద్దు, స్క్రీన్‌కు వేఱొక హద్దు అచ్చువేయుచుండెను. 1936లో ఆర్.సి.ఎ. కంపెనీ 6ఎల్6 అను గొప్ప వాల్వును వెలువరించెను, కొద్ది కాలమునకే దాని తమ్మునివంటి 6వి6 అను చిన్న వాల్వు లోకమునకు వచ్చెను. ఆ దినముల పట్టికలో 6వి6 స్క్రీన్‌కు హద్దు 285 వోల్టులు, ప్లేటునకు 315.

(పిల్లలు ఒక్కటి గుర్తుంచుకొనవలెను. ఇట్టి పెట్టెలలో 400 వోల్టులకు మించిన విద్యుత్తు కెపాసిటర్లయందు ప్లగ్గు తీసిన పిమ్మట కూడ నిలిచియుండును. పెద్దలు తోడులేక దేనిని విప్పరాదు.)

ఫెండర్ ప్రధానముగా ఈ రెండు జాతుల వాల్వులనే నమ్ముకొనెను. 1955 ప్రాంతమున ఆయన చేయించిన డీలక్స్ అను చిన్న ఆంప్లిఫయరులో రెండు 6వి6లు కలవు. అందులో స్క్రీన్‌లకు విద్యుత్తు 5,000 ఓముల నిరోధము ద్వారా వచ్చును. ఆ నిరోధము నచ్చట నుంచుటకు కారణము సంగీతము కాదు, పొదుపు. విద్యుత్తులోని గుంయి ధ్వనిని వడకట్టుటకు ఖరీదైన తీగచుట్ట పెట్టవలసిన చోట చవుకైన నిరోధము పెట్టిరి. లెక్కల గుమాస్తా యైనవాని పని యది.

కాని ఆ పొదుపు ఫలిత మేమయ్యెనో చూడుడు. దానిలో 10 మిల్లీ ఆంపియర్లు పోవునప్పుడు 50 వోల్టులు తగ్గును. 20 పోవునప్పుడు 100 తగ్గును. ఇది మీ పదవ తరగతి లెక్కయే. వాద్యగాడు తీగను బలముగా మీటినంతనే స్క్రీన్‌లు ఎక్కువ ప్రవాహము కోరును. కోరినందున వాటి వోల్టేజి క్రుంగును. క్రుంగినందున ధ్వని మొదటి దెబ్బ కొంత మెత్తబడును. స్వరము తగ్గుచుండగా స్క్రీన్ వోల్టేజి మరల కోలుకొనును. స్వరము చచ్చిపోక, ఊపిరి పీల్చి మరల లేచినట్లు వినబడును. గాయకుడు శ్రుతి విడువక దమ్ము పట్టినట్లుండును. ఇది ఫెండర్ కోరినది కాదు. ఆయన కోరినది తేటనీటివంటి ధ్వని. పగిలిన ధ్వనిని ఆయన లోపముగనే యెంచెను. వాద్యగాండ్రు మాత్రము ఆ లోపమునే ప్రేమించిరి. నీల్ యంగ్ వంటి ప్రసిద్ధులు 1950ల నాటి డీలక్సును దశాబ్దములపాటు వేదికమీదనుండి దింపలేదు.

తేట ధ్వనికొఱకు ఆయన పడిన పాటు పెద్ద పెట్టెలలో కనబడును. 1950ల చివర వచ్చిన బాస్‌మన్ అను ఆంప్లిఫయరులో స్క్రీన్‌లకు ముందు తీగచుట్టయే కలదు. దాని నిరోధము స్వల్పము గనుక స్క్రీన్ వోల్టేజి త్వరగా క్రుంగదు. ఒక్కొక్క స్క్రీన్‌కు 470 ఓముల చిన్న నిరోధ ముంచిరి. 20 మిల్లీ ఆంపియర్లకు అది తగ్గించునది 9.4 వోల్టులు మాత్రమే. స్క్రీన్ మితిమీఱి త్రాగబోయినప్పుడు మాత్రము పగ్గమువలె వెనుకకు లాగును. లండను నగరమున జిమ్ మార్షల్ దుకాణమువారు 1962లో తమ మొదటి ఆంప్లిఫయరును చేసినప్పుడు ఎదుట పెట్టుకొన్న నమూనా ఈ బాస్‌మన్ పెట్టెయే.

గిటారుల సంగతి అందఱికిని తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పెదము. 1950లో గట్టి చెక్క గిటారు వచ్చెను. దానికే 1951లో టెలికాస్టర్ అని పేరు స్థిరపడెను. ఆ యేడే ప్రెసిషన్ బాస్, 1954లో స్ట్రాటోకాస్టర్. 1956లో నాలుగు తీగల గట్టి చెక్క ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కూడ ఆ కంపెనీ చేసెను. మాండలిన్ అనగానే మనకు పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జ్ఞప్తికి వచ్చును. ఆయన కర్ణాటక సంగీత సభలలో ఎలక్ట్రిక్ మాండలిన్‌ను గమకములతో పలికించి 2014లో కన్నుమూసెను. తీగవాద్యమునకు విద్యుత్తు గొంతు నిచ్చినప్పుడు ఎంత దూరపు సంగీతమునకు మేలు కలుగునో అది యొక సాక్ష్యము.

వాయించుట రానివాడు ఇవన్నియు ఎట్లు చేసెను? వాయించువారిని అడిగి చేసెను. క్రొత్త పెట్టె సిద్ధమైనంతనే దానిని వాద్యగాని చేతికిచ్చి నాట్యశాలలకు పంపెడివాడు. రాత్రి తానును పోయి వినెడివాడు. పాట జరుగుచుండగనే వేదికపై కెక్కి ఆంప్లిఫయరు మరలు త్రిప్పిన సందర్భములు కలవని ఆయన నెఱిగినవారు చెప్పియున్నారు. వాద్యగానికి కోపము వచ్చియుండును. మా వేదికమీద నైనచో మేము కూడ దించివేసియుందుము. డిక్ డేల్ అను యువకుడు 1960 ప్రాంతమున సముద్రతీరపు నాట్యశాలలో వేలకొలది జనము నడుమ గిటారు వాయించుచు, ఫెండర్ ఇచ్చిన స్పీకరులను ఒకటి తరువాత నొకటి మాడ్చివేసెను. ఫెండర్ విసుగుకొనలేదు. తన సహచరుడు ఫ్రెడ్డీ తవారెస్‌తో స్వయముగా వచ్చి ఆ జనములో నిలువబడి వినెను. వినిన పిమ్మట పెద్ద ట్రాన్స్‌ఫార్మరు చేయించి, బలమైన స్పీకరు తెప్పించి, షోమన్ అను ఆంప్లిఫయరును తీర్చిదిద్దెను.

బలముకొఱకు జరిగిన ఈ పోటీలోనే మేము సాహసమన్న పని కూడ జరిగినది. 1963లో వెలువడిన డీలక్స్ రివర్బ్ అను పెట్టెలో 6వి6 ప్లేటులకు, స్క్రీన్‌లకు కూడ 400 వోల్టులకు పైగా నిచ్చిరి. పట్టికలోని స్క్రీన్ హద్దు 285 అని పైన వ్రాసితిమి. కంపెనీ చిత్రపటములోనే ఆ వోల్టులు అచ్చువేసియున్నవి, దాచినది లేదు. చిన్న వాల్వుల జంటనుండి సుమారు 20 వాట్ల ధ్వని రాబట్టిరి. వాల్వు లెక్కలు చదివినవారు దీనిని తప్పనిరి. నాటి అమెరికా వాల్వులు మాత్రము ఏండ్లకొలది తాళినవి. ఆ దేశమున వాల్వుల కర్మాగారములు మూతపడిన తరువాత ఇతర దేశములనుండి వచ్చిన 6వి6లలో కొన్ని అదే పెట్టెలో త్వరగా చచ్చినవి. దీనినిబట్టి హద్దు మీఱుట సరియే యని మేమనము. ఒకరి వాల్వుల నాణ్యముమీద ఆధారపడి మీఱిన హద్దు అది. కాని మరమ్మతు దుకాణపు మనిషి యొక యేర్పాటు మాత్రము మఱువలేదు. వాల్వు చచ్చినచో ఎవరైనను మార్చుకొనవచ్చును. ఏ స్థానమున ఏ వాల్వు ఉండవలెనో తెలుపు కాగితము పెట్టె లోపల అంటించియే పంపెడివారు. వాద్యగాడు రాత్రి కచేరి మధ్యలో వెనుకకు వంగి దానిని చదివి క్రొత్త వాల్వు గ్రుచ్చుకొనవచ్చును.

ఇంతలో ఆయన ఆరోగ్యము చెడెను. ఏండ్ల తరబడి పీడించిన అంటువ్యాధి తగ్గకపోవుటచే తాను ఎక్కువ కాలము బ్రతుకనని తలచి, 1965 జనవరిలో కంపెనీని సి.బి.ఎస్. సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేసెను. 600 డాలర్ల అప్పుతో మొదలైన దుకాణ మది. అమ్మిన కొన్నాళ్లకే మఱియొక వైద్యుడు మందు మార్చి ఆ వ్యాధిని నయము చేసెను! ఒప్పందము ప్రకారము పదేండ్లపాటు ఆయన ఆ కంపెనీకి పోటీగా వ్యాపారము చేయరాదు. తన పేరు తనది కాకుండ పోయెను. చేతులు కట్టుకొని కూర్చుండుట ఆయనకు చేతకాదు గనుక పరిశోధన కొక చిన్న కర్మశాల పెట్టుకొని గడువు తీరువఱకు ఓర్చుకొనెను.

1975లో మ్యూజిక్ మాన్ అను సంస్థకు అధ్యక్షుడయ్యెను. ఈ సంస్థ ఆంప్లిఫయరులను రూపొందించుటలో ముఖ్యుడు టామ్ వాకర్. వాటిలోని యేర్పాటు చూడగా మాకు ఆశ్చర్యము కలిగినది. పెద్ద పెట్టెలలో ప్లేటులకు సుమారు 700 వోల్టు లిచ్చిరి. స్క్రీన్‌లకు మాత్రము అందులో సగమే. కాలువను మిక్కిలి లోతుచేసి, చెఱువు మట్టమును మాత్రము అదుపులో నుంచినట్లన్నమాట. బలమనగా వోల్టేజి, ప్రవాహముల గుణకారము గదా! ప్లేటు వోల్టేజి హెచ్చుగా నుండుటచే నాలుగు వాల్వులనుండి 130 వాట్లు వచ్చెను. స్క్రీన్ మట్టము తక్కువగా నుండుటచే సన్నని తీగమీద భారము తగ్గెను. హద్దు మీఱిన పదేండ్లకు ఆయన పెట్టెలు ఈ దారికి వచ్చినవి.

అచ్చటను భాగస్వాములతో పొసగక, 1980 ప్రాంతమున పాత మిత్రుడు జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అను గిటారుల కంపెనీ ప్రారంభించెను. జి అనగా జార్జి, ఎల్ అనగా లియో. ఆ కర్మాగార మున్న వీధికి ఫెండర్ అవెన్యూ అని పేరు. తన పేరును గిటారుమీద వ్రాసికొన వీలులేనివాడు తన పేరు పెట్టిన వీధిలో పనిచేయుచుండెను. భార్య ఎస్తరు 1979లో మరణించగా మరుసటి యేట ఫిల్లిస్‌ను వివాహమాడెను. తరువాతి యేండ్లలో పార్కిన్‌సన్ వ్యాధి వచ్చి చేతులు వణకుచున్నను కర్మశాలకు పోవుట మానలేదు. ఒంటికంటితోనే పికప్పుల తీగలు చూచుచు, అయస్కాంతములు మార్చుచు నుండెను.

1991 మార్చి 21వ తేదీన, 81వ యేట, లియో ఫెండర్ మరణించెను. ముందునాడు కూడ ఆయన పనికి పోయెను.